పార్ట్‌టైం వాళ్లను 29 గంటలకు ఆపితే హెల్త్ ఇన్సూరెన్స్ బాధ్యత తప్పుతుందా? (న్యూజెర్సీ)

ఎడిసన్_కిరాణా:
నమస్తే అండి. న్యూజెర్సీలో మా అన్నదమ్ములిద్దరికీ చెరి సగం వాటాతో మూడు ఇండియన్ గ్రోసరీ స్టోర్లు, ఒక రెస్టారెంట్ ఉన్నాయి. నాలుగూ వేర్వేరు ఎల్‌ఎల్‌సీలు (కంపెనీలు), వేర్వేరు ఈఐఎన్‌లు (పన్ను కోసం ఎంప్లాయర్‌కు ఇచ్చే నంబర్లు). అన్నిట్లో కలిపి వారానికి 30 గంటలు దాటేవాళ్లు 31 మంది, పార్ట్‌టైం వాళ్లు 36 మంది. పార్ట్‌టైం వాళ్లకు సగటున నెలకు 80 గంటలు పడతాయి. ఇప్పటివరకు ఎవరికీ ఇన్సూరెన్స్ లేదు.

ఒక్కో ఎల్‌ఎల్‌సీలో 50 మంది లేరు కాబట్టి ఏసీఏ (ఒబామాకేర్, పెద్ద ఎంప్లాయర్లు ఇన్సూరెన్స్ ఇవ్వాలనే చట్టం) మాకు వర్తించదని కొందరు, వర్తిస్తుందని కొందరు అంటున్నారు. అందరినీ 29 గంటలకు తగ్గిస్తే సరిపోతుందా? ఇంకోటి, మా పార్ట్‌టైం వాళ్లలో కొందరు ఎన్‌జే ఫ్యామిలీకేర్‌లో (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్‌కు న్యూజెర్సీలో పేరు) ఉన్నారు, కొందరు హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వీసా వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద పనిచేస్తున్నారు. 2027లో వాళ్లకు ఏం మారుతుందో, మేం ఇప్పుడే ఏం చేసి పెట్టాలో చెప్పండి.

పేరోల్_లెక్కలు:
వర్తిస్తుంది. నాలుగు కంపెనీలకూ యజమానులు మీ ఇద్దరే, వాటాలూ ఒకటే. ఇలాంటివాటిని పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఒకే కంట్రోల్డ్ గ్రూప్‌గా (ఒకే యజమానుల కింది కంపెనీల గుంపుగా) చూస్తుంది. తలలు లెక్కపెట్టేటప్పుడు నాలుగూ ఒకటే.

లెక్క ఇలా కట్టండి. వారానికి 30 గంటలు, అంటే నెలకు 130 గంటలు చేసేవాళ్లు ఒక్కొక్కరు ఒకటి. మిగతావాళ్ల గంటలన్నీ ఆ నెలకు కూడి 120తో భాగించాలి. మీకు 36 × 80 = 2,880 గంటలు, 120తో భాగిస్తే 24. దీనికి 31 కలిపితే 55. పోయిన సంవత్సరం 12 నెలలకూ ఇలాగే కట్టి, సగటు తీసి, వచ్చిన భిన్నం వదిలేయండి. అది 50 గానీ ఆపైన గానీ ఉంటే ఈ సంవత్సరం మీరు పెద్ద ఎంప్లాయర్ కిందికి వస్తారు. మీ ఎల్‌ఎల్‌సీలకు పార్ట్‌నర్‌షిప్ పన్ను ఉంటే మీరిద్దరూ ఈ లెక్కలోకి రారు. పండగ సీజన్‌కు పెట్టుకున్నవాళ్ల వల్లనే 50 దాటి, అదీ ఏడాదిలో 120 రోజులకు మించకపోతే మినహాయింపు ఉంది.

29 గంటల ఆలోచన ఎందుకు పనిచేయదో చూడండి. వారానికి 29 అంటే నెలకు 125 గంటలు దాటుతుంది. పార్ట్‌టైం మనిషికి నెలకు 120 గంటల వరకే లెక్కలోకి తీసుకుంటారు, దాన్ని 120తో భాగిస్తే మళ్లీ ఒకటే. మీ 31 మందినీ 29కి దించినా మొత్తం 55 దగ్గరే ఉంటుంది. 50 కిందికి రావాలంటే మొత్తం మీద నెలకు 600 గంటలకు పైగా పని తగ్గాలి. అంటే ఐదుగురి పని ఆపేసినంత. దుకాణం నడవద్దా మరి?

ఇప్పుడు పెనాల్టీ. ఫుల్‌టైం వాళ్లలో కనీసం 95% మందికీ, వాళ్ల 26 ఏళ్ల లోపు పిల్లలకూ కవరేజీ ఇవ్వజూపాలి. భార్యకో భర్తకో ఇవ్వాలన్న నియమం లేదు. ఇవ్వకుండా ఉండి, ఫుల్‌టైం వాళ్లలో ఒక్కరు మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో) సబ్సిడీ తీసుకున్నా, మొదటి 30 మందిని మినహాయించి మిగతా ఒక్కొక్కరికి 2026లో ఏడాదికి 3,340 డాలర్లు కట్టాలి. ఇచ్చినా ఖరీదెక్కువైతే, దాని వల్ల సబ్సిడీకి వెళ్లిన ఒక్కొక్కరికి 5,010 డాలర్లు.

ఎడిసన్_కిరాణా:
చాలా థాంక్స్ అండి. 31లో 30 తీసేస్తే ఒక్కరే కదా. 3,340 కట్టి వదిలేస్తే కాదా?

పేరోల్_లెక్కలు:
ఈ రోజు లెక్క అంతే. కానీ ఆ 30 మినహాయింపు ఒక్కో స్టోరుకు కాదు, గ్రూప్ మొత్తానికి ఒక్కసారే. ఇంకో స్టోరు తెరిచి ఫుల్‌టైం 40కి చేరితే అది 33,400 అవుతుంది. ఆ డబ్బును ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదు. పెనాల్టీ కట్టినా కట్టకపోయినా, ఎవరికి కవరేజీ ఇవ్వజూపారో ఐఆర్‌ఎస్‌కు చెప్పే 1094-సి, 1095-సి ఫారాలు ఒక్కో ఈఐఎన్‌కు వేర్వేరుగా వేయాల్సిందే. పది గానీ ఆపైన గానీ రిటర్నులుంటే ఆన్‌లైన్‌లోనే, మార్చి 31 లోపు. వీటికి వేరే జరిమానాలున్నాయి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పెనాల్టీ విషయంలో ఐఆర్‌ఎస్ పంపేది 226-జె లెటర్. దాన్ని పక్కన పడేయకండి, జవాబుకు 90 రోజులు ఉంటాయి.

నా సలహా, ఇవ్వండి. మొదటిసారి పెద్ద ఎంప్లాయర్ కిందికి వచ్చిన సంవత్సరంలో ఏప్రిల్ 1 లోపు సరైన కవరేజీ ఇస్తే మొదటి మూడు నెలలకు పెనాల్టీ ఉండదు. ప్లాన్ కనీసం 60% ఖర్చు భరించేదిగా ఉండాలి. ఉద్యోగి తన ఒక్కడి కోసం కట్టే వాటా పరిమితిలో ఉండాలి, 2026కి అది 9.96%. గంటల జీతం వాళ్లకు తేలికైన లెక్క ఇది: గంటకు 16 డాలర్లయితే 16 × 130 = 2,080, అందులో 9.96% అంటే నెలకు 207.17 డాలర్లు. అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషి రేటుతో కట్టండి, మిగతావాళ్లకు బెంగ ఉండదు.

ఒక వారం 22, ఇంకో వారం 36 చేసేవాళ్లకు లుక్‌బ్యాక్ పద్ధతి పెట్టుకోండి. 2025 అక్టోబర్ 15 నుంచి 2026 అక్టోబర్ 14 వరకు గంటలు కొలిచి, డిసెంబర్ 31 వరకు కాగితాల పని పూర్తి చేసి, వారానికి సగటు 30 గానీ ఆపైన గానీ ఉన్నవాళ్లకు 2027 అంతా కవరేజీ ఇస్తారు. మధ్యలో గంటలు తగ్గినా ఉద్యోగంలో ఉన్నంతకాలం తీసేయకూడదు. గ్రోసరీ స్టోరులో జరిగే పొరపాటు ఏమిటంటే, ఒకే మనిషి ఒక స్టోరులో 18 గంటలు, రెస్టారెంట్‌లో 16 గంటలు చేస్తే రెండు పేరోల్‌లలోనూ పార్ట్‌టైంగానే కనిపిస్తాడు. కలిపితే 34, ఫుల్‌టైం. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఆధారంగా నాలుగు పేరోల్‌లనూ నెలనెలా కలిపి చూడండి.

ఎన్‌రోల్‌మెంట్_సాయం:
పార్ట్‌టైం వాళ్ల సంగతి నేను చెప్తాను. 2025లో వచ్చిన చట్టం ప్రకారం, మెడికెయిడ్‌ను ఎక్కువమంది పెద్దవాళ్లకు విస్తరించిన రాష్ట్రాల్లో, ఆ విస్తరణ కింద కవరేజీ ఉన్న 19 నుంచి 64 ఏళ్లవాళ్లు 2027 జనవరి 1 నుంచి నెలకు 80 గంటలు పని చేసినట్టు చూపాలి. న్యూజెర్సీ అందులో ఉంది. ఆర్నెల్లకోసారి మళ్లీ అర్హత చూస్తారు. 13 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలున్న తల్లిదండ్రులకు, తీవ్రమైన జబ్బులున్నవాళ్లకు మినహాయింపు ఉంది.

గంటలు 80కి తక్కువైనా ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. నెల ఆదాయం 580 డాలర్లుంటే చాలు. ఫెడరల్ కనీస వేతనం 7.25ని 80తో గుణించిన మొత్తం అది. మీ దగ్గర గంటకు 16 తీసుకునే మనిషికి నెలకు 37 గంటలు పడితే దాటిపోతుంది. సీజన్‌లోనే పనిచేసేవాళ్లకు ఆరు నెలల సగటు చూస్తారు.

అయితే ఆదాయం కాగితం మీద ఉండాలి. కాగితం లేకుండా చేతికి క్యాష్ ఇచ్చిన నెల వాళ్ల లెక్కలోకి రాకపోవచ్చు, కవరేజీ పోవచ్చు. ప్రతి పే స్టబ్ (జీతం చీటీ) మీద ఆ కాలంలో చేసిన గంటలు, తేదీలు, మొత్తం జీతం, టిప్స్ కనిపించేలా ఇప్పుడే మీ పేరోల్ కంపెనీతో సెట్ చేయించండి. పాత స్టబ్‌లు ఫోన్‌లో తీసుకునే వీలు కూడా ఉండాలి, ఉద్యోగం మానేశాక కూడా.

హెచ్-4 వాళ్లకు మార్పు పెద్దది. 2027 నుంచి, అమెరికా పౌరులు కానివాళ్లలో ఫెడరల్ మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ, ఇంకో ఒకటి రెండు చిన్న వర్గాలకే. హెచ్-1బీ, హెచ్-4 వాళ్లు న్యూజెర్సీ మార్కెట్‌ప్లేస్ అయిన గెట్‌కవర్డ్‌ఎన్‌జేలో ప్లాన్ కొనుక్కోవచ్చు గానీ ఫెడరల్ సబ్సిడీ లేకుండా ప్రీమియం కట్టాలి. భర్త ఆఫీసు ప్లాన్‌లో చేరే అవకాశం ఉంటే ఈ ఏడాది చివర వాళ్ల ఎన్‌రోల్‌మెంట్ తేదీలు ఇప్పుడే కనుక్కోమని చెప్పండి. ఆ గడువు మీ దుకాణం గడువుతో గానీ, మార్కెట్‌ప్లేస్ గడువుతో గానీ కలవదు.

వీళ్లకు మీరు నిజంగా ఉపయోగపడాలనుకుంటే ఇక్రా చూడండి, అంటే వాళ్లే కొనుక్కున్న ప్లాన్‌కు మీరు నెలకింత అని తిరిగి ఇచ్చే ఏర్పాటు. పార్ట్‌టైం వాళ్లకు వేరే మొత్తం పెట్టొచ్చు, వీసాను బట్టి మాత్రం విడదీయకూడదు. ఒక ఇబ్బంది ఉంది: సబ్సిడీ వస్తున్న మనిషి ఇక్రా ఒప్పుకుంటే, మీరిచ్చేది నెలకు వంద డాలర్లే అయినా సబ్సిడీ మొత్తం పోతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు సంతకం పెట్టే ముందు రెండూ పోల్చుకోవాలి. సబ్సిడీయే రాని హెచ్-4 వాళ్లకు పోయేదేమీ లేదు. జనవరి 1 నుంచి మొదలుపెట్టాలంటే 90 రోజుల ముందు, అంటే అక్టోబర్ 3 లోపు అందరికీ రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.