పాప ఆరో పుస్తకం మొదలుపెట్టింది, ముందే చెప్పాలా?

కాజీపేట అమ్మ

మా పాపకు పదకొండేళ్లు. వేసవి సెలవుల్లో హ్యారీ పోటర్, అదే మాంత్రికుల బడిలో చదివే పిల్లాడి ఏడు పుస్తకాల కథ, మొదలుపెట్టింది. నిన్న ఐదో పుస్తకం అయిపోయింది, రాత్రి ఆరోది దిండు పక్కన పెట్టుకుని పడుకుంది. పుస్తకాలన్నీ అయ్యాకే సినిమాలు చూస్తానని తనే నియమం పెట్టుకుంది కాబట్టి ఆ బడి హెడ్మాస్టరు, ముసలి డంబుల్‌డోర్, ఆరో పుస్తకంలో చనిపోతాడని ఇంకా తెలియదు.

నా టెన్షన్ అదే. ఈ జనవరిలో మా బాపు చనిపోయారు. పాపకు తాతంటే ప్రాణం. డంబుల్‌డోర్ మాటలు వచ్చినప్పుడల్లా తను తాత గొంతుతో, తాతలాగే ఆగి ఆగి చదువుతుంది. తలుపు అవతలి నుంచి వింటే నాకే గుండె పట్టేస్తుంది.

అసలు ఈ పుస్తకాలు మా ఇంట్లోకి వచ్చిందే బాపు వల్ల. ఆయన రైల్వేలో పనిచేసేవారు. 2002లో డ్యూటీ మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మొదటి పుస్తకం కొనుక్కొచ్చారు. తనకు ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు. రాత్రి అన్నం తిన్నాక నేను చదివి తెలుగులో చెబితే వినేవారు. బడి రైలెక్కడానికి పిల్లలు అడ్డుగోడలోంచి దూరి వెళ్లే తొమ్మిది ముప్పావు నంబరు ప్లాట్‌ఫారం దగ్గరికి రాగానే నన్ను ఆపి, "ప్లాట్‌ఫారానికి అసొంటి నంబరు ఉండదు బిడ్డా" అన్నారు. కాసేపు ఆలోచించి "అయినా మంచిగున్నది, చదువు" అన్నారు. ఆ వారమే నన్ను కాజీపేట స్టేషన్‌కు తీసుకెళ్లి, స్తంభాలన్నీ చూపించి, మన దారి ఏ స్తంభంలో ఉందో చెప్పమన్నారు. నేను ఓవర్ బ్రిడ్జి మెట్ల పక్కనున్నది చూపించాను. ఇప్పటికీ రైలెక్కేటప్పుడు దాన్ని ఒకసారి ముట్టుకునే వెళ్తాను.

ఇంతకీ పాపకు ముందే చెప్పాలా, వద్దా? మీరు ఆ పుస్తకం ఏ వయసులో చదివారు, ఎలా తట్టుకున్నారు?

రామ్‌నగర్ పాఠకుడు

చెప్పకండి అక్కా. నాకు ముందే చెప్పేశారు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆరో పుస్తకం 2005 జూలై 16న వచ్చింది. హన్మకొండలో నా చేతికి అందేసరికి దసరా సెలవులు. ట్యూషన్‌లో పక్కన కూర్చునే అబ్బాయి నెల ముందే, ఎవరు చంపారో కూడా కలిపి చెప్పేశాడు. దాంతో పుస్తకమంతా పేజీలు లెక్కపెట్టుకుంటూ చదివాను. ఆయన నవ్విన చోటల్లా నాకు ఏడుపొచ్చింది. హ్యారీ, డంబుల్‌డోర్ కలిసి వెళ్లే గుహ ఘట్టం వచ్చేసరికి నేను హ్యారీ పక్కన లేను, అన్నీ తెలిసి దూరంగా ఒడ్డున నిలబడ్డాను. మొదటిసారి చదివే భాగ్యం ఒక్కసారే ఉంటుంది. పాపకు అది దక్కనివ్వండి.

ఇంకొక మాట. అంత్యక్రియల్లో కూర్చున్నప్పుడు హ్యారీకి బడిలో మొదటి రోజు విందు గుర్తొస్తుంది. ఆ రోజు డంబుల్‌డోర్ లేచి చెప్పిన అర్థంలేని నాలుగు మాటలు తలచుకుని, ఆ దుఃఖంలోనే నవ్వు ఆపుకోవాల్సి వస్తుంది. మా తాతయ్య పోయినప్పుడు నాకు సరిగ్గా అలాగే అయింది. నవ్వొచ్చినందుకు నాలో ఏదో తప్పుందని నేను అనుకోలేదంటే ఆ పేజీ వల్లే.

చెరువు గట్టు

నేను ఒప్పుకోను తమ్ముడూ. పిల్లలందరూ ఒకలా ఉండరు. మా వాడు నాలుగో పుస్తకంలో హ్యారీ బడిలోనే చదివే సెడ్రిక్ చనిపోయిన చోట ఆగిపోయాడు. అప్పటిదాకా ఆటలా సాగిన కథ, ఒక్క వాక్యంలో మనిషి లేడు. ఏడాది దాకా మళ్లీ పుస్తకం ముట్టుకోలేదు. ఎవరు, ఎప్పుడు అని చెప్పాల్సిన పని లేదు. "దీంట్లో ఒక పెద్ద బాధ ఉంది, అక్కడికి వచ్చినప్పుడు నన్ను పిలువు" అంటే చాలు. నేను అది చెప్పలేదు, చెప్పాల్సింది.

మంచిర్యాల బిడ్డ

మా ఇంట్లో ఈ కథకు అసలైన శ్రోత మా నానమ్మ. బాపుది సింగరేణిలో షిఫ్టు పని, అమ్మకు ఇంటి చాకిరీ. నేను చదివింది చెబితే వినే తీరిక నానమ్మకే ఉండేది. దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ మీద చావు మంత్రం తిరగబడ్డా చావలేదని చెప్పగానే వక్క కొరుకుతూ అడిగింది: "మరి వాని పానం ఏడ దాసిపెట్టిండు?"

నేను అప్పుడు మొదటి పుస్తకంలోనే ఉన్నాను, నాకు జవాబు తెలియదు. ఆమెకు మాత్రం అనుమానమే లేదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది, బాలవర్ధిరాజు వెళ్లి ఆ చిలకను పట్టేదాకా వాడిని ఎవరూ ఏమీ చేయలేరు. బుర్రకథల్లో వింటూ పెరిగిన మనిషికి మాంత్రికుడంటే ప్రాణం ఒంట్లో ఉంచుకోనివాడే. ఆరో పుస్తకంలో హార్‌క్రక్స్‌ల సంగతి, అంటే వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి వస్తువుల్లో దాచుకున్న సంగతి, చదివి పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. "ఏడు ముక్కలా! మన ఫకీరుకు ఒక్క చిలకే గద" అని చాలాసేపు ఆశ్చర్యపోయింది. డైరీ, ఉంగరం, లాకెట్ అని నేను వేళ్లు మడుస్తుంటే, ప్రతిదానికీ "అది ఏడ దొరికింది, ఎట్ల పగిలింది" అని అడిగేది.

ఇది ఇంగ్లీషు పిల్లల కథ, మనకేం సంబంధం అని చుట్టాల్లో చాలామంది అన్నారు. ఏడు సముద్రాల అవతల, మర్రి తొర్రలో, పంజరంలో ప్రాణం దాచుకున్న కథ వింటూ నిద్రపోయిన మనకు సంబంధం లేకపోవడమేమిటి?

అక్కా, పాప చదువుతున్నంతసేపూ ఏదో ఒక పని పెట్టుకుని మీరు ఆ గదిలోనే ఉండండి. చిక్కుడుకాయలు ఒలుచుకోండి, బట్టలు మడత పెట్టుకోండి. నానమ్మ నాకు అట్లనే తోడుండేది.

2007 బ్యాచ్

ఎన్ఐటీలో చదువుకున్నాను. ఏడో పుస్తకం 2007 జూలై 21న, శనివారం వచ్చింది. శుక్రవారం రాత్రి నేనూ నా రూమ్‌మేటూ కాజీపేటలో జనరల్ బోగీ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాం, తెల్లవారి క్యూలో నిలబడి ఒక్క కాపీ కొన్నాం. ఆరుగురం డబ్బులు వేసుకున్నాం. తిరిగొచ్చాక ఎవరు ముందు చదవాలన్న గొడవే రాలేదు, పైకి చదవాలని రైల్లోనే నిర్ణయించుకున్నాం. 607 పేజీలు, వంతులవారీగా, శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా. పక్క గదుల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి వినేవాళ్లు.

డంబుల్‌డోర్‌ను చంపిన స్నేప్ మాస్టారు అసలు ఎవరి పక్షమో తెలిసే జ్ఞాపకాల అధ్యాయం నా వంతులో పడింది. సగంలో గొంతు పెగల్లేదు. పుస్తకం పక్కవాడి చేతికిచ్చాను, వాడూ రెండు పేజీలే చదవగలిగాడు.

2016 జనవరి 14న స్నేప్ పాత్ర వేసిన ఆలన్ రిక్‌మన్ చనిపోయిన వార్త వచ్చింది. మేం ఆరుగురం అప్పటికి నాలుగు దేశాల్లో ఉన్నాం. ఆ రాత్రి ఫోన్లో ఒకడు ఆ అధ్యాయం మళ్లీ చదివాడు, మిగతావాళ్లం విన్నాం. ఆ కాపీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. బైండింగ్ ఊడిపోయింది, మంచి దారంతో కుట్టించాను.

భూపాలపల్లి వైపు సారు

కొంచెం పక్కదారి పడుతున్నాను, క్షమించండి. ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఇది చెప్పుకోలేను.

నాది తెలుగు మీడియం చదువు. ఇంటర్‌లో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీకి గంట పట్టేలా చదివాను. ఇప్పుడు సర్కారు బడిలో పాఠం చెబుతున్నాను. శనివారం ఆఖరి పీరియడ్‌లో ఈ కథ నోటితో తెలుగులో చెబుతాను. మొదటి పుస్తకంలో లోహాన్ని బంగారం చేసే రాయి పేరు దగ్గర ఇబ్బందే రాలేదు, పరుసవేది అన్న మాట మనకు ఎప్పటినుంచో ఉంది. మొదటి పుస్తకం తెలుగు అనువాదం పేరులోనూ ఆ మాటే ఉంది.

రెండో పుస్తకంలో డాబీ వచ్చేసరికి ఇంటి ఎల్ఫ్‌కు ఏం పేరు పెట్టాలో తోచలేదు. "ఒక ఇంటికే కట్టుబడి ఉంటాడు, జీతం ఉండదు, దిండు గలీబే బట్ట, తప్పు చేస్తే తనను తనే కొట్టుకోవాలి, యజమాని బట్టలిస్తే తప్ప విడుదల లేదు" అని విడమరిచి చెప్పాను. ఏడో తరగతి అమ్మాయి లేచి "వెట్టి కదా సార్" అంది.

నేను పుస్తకం చదివి పదేళ్లయింది, నాకు ఎప్పుడూ తట్టలేదు. సోమవారం ఆ అమ్మాయి వాళ్ల తాతను అడిగి వచ్చి తరగతికి చెప్పింది. దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేతపట్టుకునేవాళ్లట. పండగ పూట కూడా ముందు గడిలో పని చేసొచ్చాకే ఇంట్లో పొయ్యి రాజేసేవాళ్లట. పాలకుర్తి ఐలమ్మ పేరు మా పిల్లలందరికీ తెలుసు. డైరీకి తొడిగిన సాక్సును యజమాని విసిరి పడేస్తే డాబీ పట్టుకున్నాడు, ఇక విడుదలైపోయాడు అని చెప్పినప్పుడు ఆ పిల్లలు కొట్టిన చప్పట్లకు పక్క తరగతి టీచరు పరుగెత్తుకొచ్చారు.

నాలుగో పుస్తకంలో హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీ ఆ ఎల్ఫ్‌ల కోసం సంఘం పెడుతుంది, స్నేహితులే వేళాకోళం చేస్తారు. సినిమాల్లో ఆ భాగమే లేదు. నాకది పెద్ద లోటు. మా పిల్లల్లో ఒక్కరూ హెర్మయొనీని చూసి నవ్వలేదు.

కరీంనగర్ రెక్కల గుర్రం

అమ్మా, మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు చెబుతాను. నాకు పదమూడేళ్లప్పుడు మా అమ్మ పోయింది. ఇంటికొచ్చినవాళ్లంతా "ధైర్యంగా ఉండాలి" అని నెత్తి నిమిరి వెళ్లేవాళ్లు. అమ్మ గురించి ఒక్క మాట మాట్లాడేవాళ్లు కాదు. నేను ఏడుస్తానని భయం.

ఐదో పుస్తకంలో బడి బళ్లను లాగే గుర్రాలుంటాయి. థెస్ట్రల్స్. చావును కళ్లారా చూసినవాళ్లకే కనిపిస్తాయి. అన్ని ఏళ్లూ బళ్లు వాటంతట అవే నడుస్తున్నాయనుకున్న హ్యారీకి, సెడ్రిక్ పోయాక ఒక్కసారిగా ఆ గుర్రాలు కనిపిస్తాయి. పక్కనున్న స్నేహితుడు రాన్‌కు ఏమీ కనిపించదు. అది చదివి నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా క్లాసులో నాకొక్కదానికే కనిపించేది ఏమిటో అప్పటిదాకా నాకు పేరు తెలియలేదు.

అదే బడిలో చదివే లూనాకు కూడా అవి కనిపిస్తాయి, తొమ్మిదేళ్లకే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. తండ్రిలాంటి సిరియస్ ఒక మాయ తెర వెనక్కి పడి పోయాక హ్యారీ చివరికి దెయ్యాన్ని కూడా అడుగుతాడు, వాళ్లు తిరిగొస్తారా అని. రారనే జవాబు వస్తుంది. ఆ తర్వాత పుస్తకం చివర్లో, దాచేసిన తన వస్తువులు వెతుక్కుంటున్న లూనా కనిపిస్తుంది. అమ్మ గురించి మామూలుగా మాట్లాడుతుంది. ఇప్పటికీ బాధేస్తుంది, కానీ నాన్న ఉన్నాడు అంటుంది. ఆ తెర వెనక గొంతులు నువ్వూ విన్నావు కదా అని అడుగుతుంది. హ్యారీ గుండెల్లో బరువు అప్పుడు కాస్త తగ్గుతుంది. ఆ పుస్తకంలో అంతమంది పెద్దవాళ్లు చేయలేని పని అది.

మీ పాప ఆ అధ్యాయం దాటి వచ్చింది. ఆరోదానికి అక్కడే కొంత సిద్ధమైంది. ముందే చెప్పొద్దని నా మనవి. అయ్యాక మాత్రం తాత గురించి మాట్లాడండి. మీరు ఏడ్చినా ఫర్వాలేదు, తను చూడనివ్వండి.

సుబేదారి

అమ్మకు మతిమరుపు జబ్బు, నన్ను గుర్తుపట్టదు. ఐదో పుస్తకంలో హ్యారీ క్లాస్‌మేట్ నెవిల్‌కు, మతి పోయిన వాళ్లమ్మ ఆసుపత్రి వార్డులో బబుల్‌గమ్ కాగితం ఇస్తుంది, నానమ్మ పారేయమంటే వాడు ఎవరూ చూడకుండా జేబులో పెట్టుకుంటాడు. మొన్న అమ్మ నా చేతిలో బిస్కెట్ కాగితం పెట్టింది. పర్సులో ఉంది. ఇంతకంటే రాయలేను.

కాజీపేట అమ్మ

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను. అందరివీ రెండేసి సార్లు చదివాను. సుబేదారి గారివి మరీ ఎక్కువసార్లు.

చెప్పలేదు. చెరువు గట్టు అన్న చెప్పినట్టు "బాధ ఉంటుంది, పిలువు" అని మాత్రం అన్నాను. మంచిర్యాల చెల్లె మాట విని రోజూ ఆ గదిలోనే ఏదో పని పెట్టుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం గోంగూర తెంపుతున్నాను. పాప పేజీలు తిప్పడం ఆపింది. నేను తల ఎత్తలేదు. కాసేపటికి వచ్చి నా వీపుకు ఆనుకుని కూర్చుంది.

నేను కోట బురుజు గురించి అడుగుతుందనుకున్నాను. తను గుహ గురించి అడిగింది. ఆ సరస్సు మధ్య దీవిలో డంబుల్‌డోర్ నీళ్లు నీళ్లు అంటుంటే హ్యారీ పట్టించడానికి అంత అవస్థ పడతాడు కదా, అది.

"అమ్మా, తాతకు కూడా చివర్ల నేనే చెంచాతో నీళ్లు పట్టిన గద."

అవునన్నాను. జనవరి నుంచి మా ఇద్దరి మధ్యా ఆ మాట రాలేదు. ఆ తర్వాత సాయంత్రం దాకా తాత గురించే మాట్లాడుకున్నాం, గోంగూర అలాగే ఉండిపోయింది. స్తంభం సంగతి తనకు ఇన్నాళ్లూ చెప్పలేదని గుర్తొచ్చింది. చీకటి పడకముందే స్టేషన్‌కు తీసుకెళ్లాను. ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని ఓవర్ బ్రిడ్జి పక్కకు వెళ్లి చూపించాను. రెండు చేతులూ ఆనించి చాలాసేపు నిలబడింది.

ఏడో పుస్తకం అటక మీద నుంచి దించాం. లోపలి అట్ట మీద బాపు పెన్సిల్‌తో తేదీ, నా పేరు రాసి ఉన్నాయి. పాప దాని కింద తన పేరు రాసుకుంది. ఇది మాత్రం తను పైకి చదువుతుందట, నేను వినాలట. ఈ రాత్రి అన్నం తిన్నాక మొదటి అధ్యాయం.