ఇరవై రెండేళ్లుగా అందరి కరపత్రాలూ టైపు చేశాను, ఇప్పుడు నా మాట రాసుకోవాలని ఉంది

గాజువాక డీటీపీ:

అందరికీ నమస్కారం. గాజువాకలో చిన్న డీటీపీ షాపు నాది. 2003లో పెట్టాను. జిరాక్సు, లామినేషన్, పెళ్లి కార్డులు, అర్జీలు అన్నీ ఉన్నా, ఎక్కువ గిరాకీ కరపత్రాలదే. ఈ ఏరియాలో యూనియన్లకి కొదవ లేదు కదా. పొద్దున ఒక పార్టీ వాళ్లది కంపోజ్ చేస్తాను. సాయంత్రం దాన్ని తిడుతూ అవతలి పార్టీ వాళ్లు తెచ్చింది చేస్తాను. రెండూ ఒకే ఫైలు. పైన జెండా మార్చి "సోదర సోదరీమణులారా" అలాగే ఉంచేస్తాను.

వాళ్లు తెచ్చే చేతిరాత సగం అర్థం కాదు. "అక్కడేదో గట్టిగా పెట్టు గురూ" అంటారు. పెడతాను. మర్నాడు ఆటో మైకులో నా వాక్యం ఇంకొకాయన గొంతులో వినిపిస్తుంది.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ అమ్మొద్దని 2021 ఫిబ్రవరిలో కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం మొదలైన దగ్గర్నుంచి "32 మంది ప్రాణత్యాగంతో సాధించుకున్న ఫ్యాక్టరీ" అన్న ముక్క ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. కళ్లు మూసుకుని కొట్టేస్తాను. మొన్న మా అమ్మాయి (ఇంటర్ చదువుతోంది) షాపులో ప్రూఫ్ చూస్తూ, "నాన్నా, ఈ 32 మందిలో ఒక్కరి పేరు చెప్పు" అంది. అమృతరావు గారన్నాను. "ఆయన నిరాహార దీక్ష చేశారు, అప్పుడు చనిపోలేదు కదా" అంది. ఇంకో పేరు రాలేదు నాకు.

అందుకని సొంతంగా ఒక బ్లాగు పెట్టి రాజకీయాల గురించి, నాకు తోచిన ఆలోచనల గురించి రాద్దామనుకుంటున్నాను. సమాజంలో చైతన్యం తీసుకురావాలన్నదే నా ఆశయం. కానీ భయాలున్నాయి. అన్ని పార్టీల వాళ్లూ నా ఖాతాదారులే. కిందటి ఎన్నికల్లో ఒకాయన (ఏ పార్టీయో చెప్పను) అవతలి వాళ్ల పని పట్టుకున్నానని నా బాకీ ఎగ్గొట్టాడు. టైపు చేస్తేనే ఇలా ఉంటే, నేనే రాస్తే? మారుపేరు పెట్టుకోనా? డిగ్రీ మధ్యలో ఆపేసినవాణ్ణి, సిద్ధాంతాలవీ తెలియవు. ఇంకోటి, నా పాత మేటరంతా అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) ఉంది. అది నెట్‌లో పనికొస్తుందా?

కోక్ ఓవెన్స్ రిటైర్డ్:

బాబూ, నువ్వు కంపోజ్ చేసినవి కొన్ని నేను గేటు దగ్గర పంచే ఉంటాను.

రాజకీయాల గురించి రాస్తానని కూర్చుంటే వారానికల్లా టీవీ చర్చ అయిపోతుంది. ఒక్క ముక్క పట్టుకో. నీకు వేరే వెతుక్కునే పని కూడా లేదు, మీ అమ్మాయి చేతికిచ్చింది. ఆ 32 మందీ విశాఖలోనే పోయారని చాలామంది అనుకుంటారు. కాదు. ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్న ఉద్యమంలో 1966 నవంబరు 1న ఇక్కడ పోలీసు కాల్పులు జరిగాయి, రాష్ట్రంలో వేరే ఊళ్లలోనూ జరిగాయి. ఆ అమృతరావు గారిది కూడా గుంటూరు వైపు, ఇక్కడికొచ్చి దీక్షకు కూర్చున్నారు. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరు, వయసెంత? అది రాయి చాలు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి పాత పేపర్లు ఏమున్నాయో అడుగు. కలెక్టరాఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. పది రూపాయలే, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎంతమందికి టైపు చేసిచ్చావో ఆ దరఖాస్తులు, ఒకటి నీ పేరున చేసుకో.

ఫ్యాక్టరీ నష్టాల సంగతీ అంతే. ఒకరు కార్మికుల బద్ధకం అంటారు, ఒకరు కుట్ర అంటారు. సొంత ఇనుప గనులు లేక ఖనిజం బయట కొనుక్కునే ఫ్యాక్టరీ అని ఎవరూ రెండు వాక్యాలు నిలబడి చెప్పరు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం వాటా అమ్మకానికి సరేనంది. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. మరి పాత నిర్ణయం ఉన్నట్టా, పోయినట్టా? ఈ ప్రశ్న వేసి ఊరుకో, జవాబు నువ్వే చెప్పక్కర్లేదు. అంకె రాసిన చోటల్లా పక్కన తేదీ పెట్టు. నాకు కరపత్రాల మీద కోపమంతా అక్కడే, తేదీ ఉండదు.

సిద్ధాంతం తెలియదన్నావు. తెలిసినవాళ్లు రాసినవి చదవలేక చస్తున్నాం.

మద్దిలపాలెం కోచింగ్ బ్యాచ్:

అంకుల్, మీ మొదటి మూడు పేరాలు భలే ఉన్నాయి. "చైతన్యం తీసుకురావాలన్నదే నా ఆశయం" దగ్గర మళ్లీ కరపత్రం వచ్చేసింది చూసుకోండి!

అను మేటర్ నేరుగా నెట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, వెతికినా ఎవరికీ దొరకదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి కానీ వత్తుల దగ్గర తేడా కొడతాయి, ప్రతి లైనూ ప్రూఫ్ చూడాలి. అయినా పాతదెందుకండీ, అది మీ మాట కాదు కదా. కొత్తది మాత్రం యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. మీకు చేతికొచ్చిన కీబోర్డు లేఅవుట్ అందులోనూ దొరుకుతుంది. రోజూ రాయాలని పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, పదకొండో రోజుకి సినిమా రివ్యూలోకి దిగాను.

ప్లీడరు గుమస్తా:

అన్నా, ముందు కడుపు చూసుకో. మారుపేరే మంచిది. ఆన్‌లైన్‌లో రాసినందుకు పట్టుకెళ్లే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది, నిజమే. పరువు నష్టం కేసు మాత్రం అలాగే ఉంది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 356. "నేను నిజమే రాశాను" అంటే సరిపోదు, జనం మేలు కోసం రాశానని కూడా చూపించుకోవాలి. అందుకని మనిషి జోలికి పోకు, ఆయన చేసిన పని గురించి రాయి. "దొంగ" అని రాస్తే కోర్టు. "ఫలానా తేదీన ఫలానా బిల్లు ఎందుకు పాసైంది" అని రాస్తే వాళ్లే తడుముకుంటారు. ఇంకో మాట, రాత్రి పదకొండు తర్వాత ఏదీ పోస్ట్ చేయకు. మా ఆఫీసుకొచ్చే ఇలాంటి కేసులు సగం ఆ టైములో రాసినవే.

గాజువాక డీటీపీ:

అందరికీ థ్యాంక్సండి.

గుమస్తా గారూ, మారుపేరు సంగతి రెండు రోజులు ఆలోచించాను. ఎన్నికలొస్తే మా దగ్గర ప్రతి కరపత్రం కిందా ప్రింటరు పేరు, పబ్లిషరు పేరు, అడ్రసు ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్. లేకపోతే ఆరు నెలల దాకా జైలో, 2000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో. మాది ప్రెస్సు కాదు, కంపోజింగే, కానీ ఆ లైను కొట్టేది మేమే. పేరు లేకుండా తెచ్చినవాళ్లని ఎంతమందిని వెనక్కి పంపించానో. ఇప్పుడు నేనే పేరు లేకుండా రాస్తే షాపులో కూర్చోబుద్ధి కాదు. గిరాకీ కొంత పోతుంది, పోనీ. పెళ్లి కార్డులున్నాయి.

నిన్న రాత్రి మొదటిది రాయడానికి కూర్చున్నాను. చెయ్యి దానంతటదే "సోదర సోదరీమణులారా" కొట్టేసింది. మా అమ్మాయి వెనకనుంచి వచ్చి డిలీట్ నొక్కింది. తర్వాత గంటకి నాలుగు లైన్లు వచ్చాయి. ఇంకొకరి కోసమైతే పది నిమిషాల్లో పేజీ అయిపోయేది. ఆ నాలుగు లైన్లలోనూ మూడు ప్రశ్నలే.

సమాచార హక్కు దరఖాస్తు ఇవాళ పోస్టు చేశాను. శనివారం మధ్యాహ్నం షాపు మూసి ద్వారకానగర్ వెళ్తున్నాను. మాస్టారూ, మీ దగ్గర పాత కరపత్రాలేమైనా ఉన్నాయా? స్కాన్ చేసి ఇస్తాను, డబ్బులొద్దు.

కోక్ ఓవెన్స్ రిటైర్డ్:

ట్రంకు పెట్టెలో ఉన్నాయి, చెదలు తిన్నవి పోను. పైనున్న నాలుగైదు తీసి చూశాను, రెండింటి కింద నీ షాపు పేరే ఉంది. తేదీ మాత్రం లేదు. శనివారం పెట్టె పట్టుకుని నీ షాపుకే వస్తాను, అక్కణ్ణుంచి కలిసి వెళ్దాం.