టీవీ గైడ్‌లో రిపీట్ ఎపిసోడ్లను గుర్తుపట్టడం ఎలా?

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారికి రాత్రిపూట వచ్చే ఒక సీరియల్ అంటే ప్రాణం. ఆవిడ త్వరగా పడుకుంటారు కాబట్టి టీవీహెడ్‌ఎండ్‌లో (కంప్యూటర్‌లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) రోజూ రికార్డయ్యేలా పెట్టాను. అయితే అదే ఎపిసోడ్ మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేస్తారు. గైడ్‌లో రెండింటికీ ఒకే పేరు, ఒకే వివరణ. పునఃప్రసారం అన్న మాట గానీ, ఎపిసోడ్ నంబరు గానీ ఉండవు. దాంతో అన్నీ రికార్డయి డిస్క్ నిండిపోతోంది, అసలు కావలసిన కొత్త భాగం తప్పిపోతోంది. "ఇది నిన్నటిదే కదమ్మా" అని ఆవిడ అంటుంటే బాధగా ఉంటోంది.

డూప్లికేట్లు వదిలేసే ఆప్షన్ వాడి చూశాను. వివరణలో తేడా ఉంటేనే రికార్డు చేయమంటే, ఆ వివరణ ఎప్పుడూ మారదు కాబట్టి కొత్త ఎపిసోడ్‌నూ వదిలేస్తోంది. టైమ్ బట్టి పెడదామంటే పండగలప్పుడు వేళలు మారిపోతాయి.

టీవీ గైడ్ సమాచారాన్ని ఫైల్‌గా రాసే ఎక్స్ఎంఎల్‌టీవీ ఫార్మాట్‌లో 'ప్రీవియస్లీ షోన్' (ఇంతకుముందు వేసినది), 'న్యూ' (కొత్తది) అనే ట్యాగులు ఉన్నాయి. బ్రిటన్‌లో ఫ్రీవ్యూ అనే ఉచిత టీవీ సర్వీసు అయితే ప్రతి ఎపిసోడ్‌కూ ఒక గుర్తింపు కోడ్ పంపుతుంది, బాక్స్ దాన్ని చూసి రిపీట్‌ని పోల్చుకుంటుంది. మన ప్రేక్షకులకూ ఇంతమాత్రం సౌకర్యం ఉండాలి కదా!

సాయంత్రం 6 తర్వాత మొదట వచ్చేదానికి 'న్యూ', మిగతావాటికి 'ప్రీవియస్లీ షోన్' తగిలించే స్క్రిప్ట్ రాద్దామనుకుంటున్నాను. తెలుగు చానళ్ల గైడ్‌కి ఇలా ఎవరైనా చేశారా? ఆదివారం మధ్యాహ్నం కొత్తగా వేసే మహా ఎపిసోడ్‌ని ఎలా పట్టుకున్నారు?