రాత్రి డైపర్ కారుతోంది: నిద్రలో ఉన్న పిల్లవాణ్ణి లేపి మార్చాలా, వద్దా?

మియాపూర్ అమ్మ

మా బాబుకు 20 నెలలు, బరువు 12 కిలోలు. రాత్రి తొమ్మిదింటికి డైపర్ వేసి పడుకోబెడతాను. నాలుగు కొట్టేసరికి చొక్కా తడి, దుప్పటి తడి, పక్కన పడుకున్న నా బట్టలు కూడా తడి. పగలు ఇదే డైపర్ చుక్క కారదు. ఇంట్లో రెండు వాదాలు నడుస్తున్నాయి. పసివాణ్ణి తడిలో ఉంచడం పాపం, ఒంటిగంటకు లేపి మార్చాలని మా అత్తయ్య అంటారు. లేపితే గంటసేపు ఏడుస్తాడు, ఇంకో సైజు పెద్దది కొందామని మావారు అంటారు. ఇద్దరూ బాబు మంచి కోరే చెబుతున్నారు. లేపాలా, వద్దా? మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో, ఎందుకలా చేస్తున్నారో కూడా చెప్పండి.

సైనిక్‌పురి నాన్న

లేపవద్దండి. మా రెండో అమ్మాయి ఇంకా డైపర్‌లోనే ఉంది, కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ఎందుకు కారుతోందో తెలుసుకోకుండా లేపడం మొదలుపెడితే ఇక రోజూ లేపుతూనే ఉండాలి.

ముందు ఆ తడిసిన డైపర్ విప్పి చూడండి. ముందూ వెనకా సమానంగా ఉబ్బి బరువుగా వేలాడుతుంటే అది పూర్తిగా నిండిపోయిందన్నమాట. ముందు భాగం ఒక్కటే ఉబ్బి వెనక పొడిగా ఉంటే డైపర్ ఎంత పడుతుందన్న దాంట్లో లోపం లేదు. మూత్రం వెనక్కి చేరకముందే బయటికి దారి చూసుకుంటోంది. డైపర్ లోపల సోడియం పాలీయాక్రిలేట్ అనే పొడి ఉంటుంది. తన బరువుకు ఎన్నో రెట్లు ద్రవాన్ని పీల్చి జెల్లీలా మారుతుంది, కానీ అందుకు కొంత వ్యవధి కావాలి. రెండేళ్ల పిల్లల మూత్రాశయం సుమారు 120 మిల్లీలీటర్లు పడుతుందని డాక్టర్లు లెక్కగడతారు. పగలు ఆడుకుంటూ కొంచెం కొంచెంగా పోస్తారు. గాఢనిద్రలో ఒక్కసారే పెద్దగా పోస్తే, పైగా బోర్లా పడుకుని బరువంతా అక్కడే వేస్తే, పొడి అందుకునేలోపే అంచు దాటుతుంది.

అనుమానంగా ఉంటే వంటింటి త్రాసు వాడండి. పొడి డైపర్ బరువు, పొద్దున విప్పిన డైపర్ బరువు చూడండి. గ్రాముల్లో ఎంత తేడా ఉందో దాదాపు అన్ని మిల్లీలీటర్లు పోశాడన్నమాట.

ఇక తొడిగే తీరు. తొడల దగ్గర లోపలివైపు పలచటి కుచ్చు అంచు ఉంటుంది. తొడిగాక వేలితో దాన్ని చుట్టూ పైకి తీయాలి. అది లోపలికి మడిచి ఉంటే ఎంత ఖరీదైన డైపరైనా కారుతుంది. మగపిల్లవాడైతే అంగం కిందికి ఉండేలా సర్దాలి, లేకపోతే ధార నేరుగా నడుము పట్టీకే తగులుతుంది. పక్కకు తిరిగి పడుకునే పిల్లలకు ఎక్కువగా తొడ దగ్గర కారుతుంది, బోర్లా పడుకునేవారికి బొడ్డు కింద. మీ బాబు చొక్కా ఎక్కడ తడుస్తోందో గమనించారా?

ఉప్పల్ నానమ్మ

ఆ కుచ్చు అంచు సంగతి నిజమే బాబూ, మా మనవరాలికి అలా సర్దాకే పగటిపూట కారడం తగ్గింది. కానీ నాకు ముఖ్యం దుప్పటి కాదు, బిడ్డ ఒళ్లు. ఎనిమిది గంటలు ఒంటేలు నిండిన ప్లాస్టిక్‌ను పసిబిడ్డకు కట్టి ఉంచడం సబబా? మే నెలలో మన ఊళ్లో రాత్రి పదకొండింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. ఆ ఉక్కలో తొడల సందులు ఎర్రగా ఒరుసుకుపోయి, నీళ్లు తగిలితేనే కెవ్వుమనే పిల్లలను నేను చూశాను.

మేము దూది పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద పాత నూలు చీర నాలుగు మడతలు వేసి పడుకోబెట్టేవాళ్లం. బిడ్డ తడపగానే కదిలేది, మేమూ లేచేవాళ్లం, మడత మార్చి జోకొట్టేవాళ్లం. తడి తెలిసింది కాబట్టే రెండేళ్లు నిండేసరికి చెప్పడం నేర్చుకున్నారు. మియాపూర్ అమ్మా, మీ అత్తగారి మాట కొట్టిపారేయకమ్మా. రాత్రి ఒకసారి లేవడం తల్లికి కొత్తేమీ కాదు.

ఎల్‌బీ నగర్ తండ్రి

పెద్ద సైజు గురించి ఒక మాట. చాలా ప్యాకెట్ల మీద ఎల్ అంటే 9 నుంచి 14 కిలోలు, ఎక్స్‌ఎల్ అంటే 12 నుంచి 17 అని ఉంటుంది. 12 కిలోల పిల్లవాడికి రెండూ సరిపోతాయి. పగలు ఎల్, రాత్రికి మాత్రం ఎక్స్‌ఎల్ వేసి చూడండి. తొడలు సన్నగా ఉండి అక్కడ సందు కనిపిస్తే మాత్రం పెద్ద సైజు ఇంకా ఎక్కువ కారుతుంది, వెంటనే మానేయండి. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రాత్రికి వేరే ప్యాకెట్ కొనడం ఒకప్పటంత భారం కాదు.

సైనిక్‌పురి నాన్న

నానమ్మగారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. "తల్లికి కొత్తేమీ కాదు" అన్న మాట ఒక్కటే ఒప్పుకోలేను. మీ ఇంట్లో తెల్లారితే బిడ్డను ఎత్తుకోవడానికి ఒకరు, గుడ్డలు పిండడానికి ఒకరు ఉండి ఉంటారు. ఇప్పుడు రెండు గదుల ఫ్లాట్‌లో ఒంటిగంటకు లేచి, ఏడ్చే పిల్లవాణ్ణి రెండింటి దాకా భుజాన వేసుకుని తిరిగి, ఆరింటికల్లా క్యారేజీలు కట్టి, ఆఫీసుకు పరుగెత్తే అమ్మాయిలు ఎంతమంది ఉన్నారు! ఇంట్లోనే ఉండే తల్లికి మాత్రం నిద్ర అక్కర్లేదా? పిల్లవాణ్ణి లేపాలని తీర్మానించే ఇంట్లో లేచేది ఎవరో కూడా అప్పుడే తీర్మానించాలి. తండ్రి లేస్తాడా, అత్తగారు లేస్తారా? అలాగైతే నేను అడ్డు చెప్పను. మన ఇళ్లలో ఆ పని అడగకుండానే తల్లి నెత్తిన పడుతుంది, నా బాధ అది.

నిజాంపేట్ తల్లి

గుడ్డ విషయంలో నేను నానమ్మగారి వైపు, లేపే విషయంలో కాదు. మా పాప రాత్రంతా గుడ్డ డైపర్‌లోనే పడుకుంటుంది, లేపము. కిటుకంతా లోపల పెట్టే పొరల్లో ఉంది. మైక్రోఫైబర్, అంటే సన్నటి కృత్రిమ పోగుల పొర, గబగబా పీలుస్తుంది, కానీ బిడ్డ దాని మీద బరువు వేస్తే పిండినట్టు వదిలేస్తుంది. హెంప్ అనే మొక్క నారతో చేసిన పొర నెమ్మదిగా పీల్చినా పట్టి ఉంచుతుంది. అందుకే పైన మైక్రోఫైబర్, దాని కింద హెంప్ పెడతాను. మైక్రోఫైబర్ ఒంటికి నేరుగా తగలకూడదు, చర్మాన్ని పొడిబారుస్తుంది. దాని మీద మెత్తటి నూలు గుడ్డ ఒకటి ఉండాలి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మల్‌మల్ గుడ్డ కొని నేనే కత్తిరించి కుట్టుకుంటాను. కొత్త నూలు, హెంప్ పొరలు నాలుగైదు ఉతుకులు పడితే గానీ పూర్తిగా పీల్చవు. కొన్న మొదటి రాత్రే కారిందని వాటిని మూలన పడేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మా వైపు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు. గిన్నెల మీద తెల్లటి చారలు కట్టే ఆ నీళ్లే గుడ్డలోనూ సున్నంలా పేరుకుంటాయి, సబ్బు సరిగా వదలదు, క్రమంగా గుడ్డ పీల్చడం మానేస్తుంది. నల్లా నీళ్లు వచ్చిన రోజు వాటితో ఒకటికి రెండుసార్లు జాడించండి. బట్టల మెత్తదనానికి, వాసనకు వేసే ద్రవం అసలు వాడవద్దు, అది పోగుల మీద పొరలా పట్టుకుంటుంది. ఇక జులై, ఆగస్టు ముసురుకు హెంప్ రెండు రోజులైనా ఆరదు. ఆ నెలల్లో రాత్రికి కొన్న డైపరే వాడతాను, అందులో నాకు పట్టింపు లేదు.

మెహదీపట్నం నర్సు

పిల్లల వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను. లేపడం గురించి అక్కడ మేము తల్లులకు చెప్పేది ఇది. విరేచనం అయితే ఎంత నిద్రలో ఉన్నా వెంటనే మార్చాలి. మూత్రం మాత్రమే అయి, చర్మం బాగుండి, బిడ్డ హాయిగా నిద్రపోతుంటే తెల్లారేదాకా ఆగవచ్చు. చర్మం ఎర్రబడితే అది మానేదాకా రాత్రి ఒకసారి మార్చి, జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా రాయండి. గుడ్డ డైపర్ వాడేవారు క్రీముకూ గుడ్డకూ మధ్య పలచటి బట్ట వేయండి, లేకపోతే ఆ జిడ్డుకు గుడ్డ పీల్చదు. పౌడరు చల్లవద్దు, ఆ ధూళి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మడతల లోపల ఎర్రగా కంది, చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటే అది ఫంగస్ కావచ్చు. ఇంటి వైద్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

పడుకునే ముందు పాలెన్ని పడుతున్నారు? ఏడాది దాటిన బిడ్డకు రోజంతా కలిపి అరలీటరు పాలు చాలు. అంతకు మించితే అన్నం తినరు, రక్తంలో ఐరన్ తగ్గుతుంది. రాత్రి పాలు గంట, గంటన్నర ముందే తాగిస్తే పళ్లు తోమడానికీ వీలుంటుంది, నిద్రకు ముందు ఒకసారి మూత్రమూ పోస్తాడు. దాహమేస్తే మంచినీళ్లు మాత్రం ఎప్పుడూ ఆపవద్దు, ఎండాకాలంలో అసలే వద్దు.

ఈ ఒక్కటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. ఇన్నాళ్లూ సరిపోయిన డైపర్ ఉన్నట్టుండి రోజూ పొంగిపోతూ, బిడ్డ పదేపదే నీళ్లు అడుగుతూ, బరువు తగ్గుతూ, నీరసంగా ఉంటే డైపర్ మార్చి చూద్దామని ఆగవద్దు. పసిపిల్లలకూ షుగరు వస్తుంది. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జ్వరం, మూత్రం పోసేటప్పుడు ఏడుపు ఉన్నా అంతే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి.

మియాపూర్ అమ్మ

అందరికీ ధన్యవాదాలు. బాబు హుషారుగానే ఉన్నాడు, బరువు పెరుగుతున్నాడు, ఆ భయం లేదు. చొక్కా బొడ్డు దగ్గరే తడుస్తోంది, డైపర్ వెనక సగం పొడిగా ఉంటోంది, పడుకునేది బోర్లా. పాలు ఎనిమిదిన్నరకు సీసా నిండా ఇస్తున్నాను, రేపటి నుంచి ఏడున్నరకు మారుస్తాను. ఒక సందేహం. పదకొండింటికి మేము పడుకునే ముందు, వాణ్ణి లేపకుండానే డైపర్ మార్చడం వీలవుతుందా?

సైనిక్‌పురి నాన్న

వీలవుతుంది, కానీ ప్యాంటు రకంతో కష్టం. పాతదాన్ని పక్క కుట్ల దగ్గర చించి తీయవచ్చు, కొత్తది కాళ్లలోంచి ఎక్కించేసరికి లేస్తారు. రాత్రికి అతికించే రకం కొనండి. కొత్తది విప్పి పాతదాని కిందికి జరిపి, తర్వాత పాతది లాగేయాలి. పెద్ద లైటు వద్దు, మాటలు వద్దు. బోర్లా పడుకునేవాడు కాబట్టి లోపల అదనపు ప్యాడ్ ఒకటి ముందువైపుకు జరిపి పెట్టండి. కింద ప్లాస్టిక్ పొర లేని ప్యాడే కొనాలి, ప్లాస్టిక్ ఉంటే నిండాక మూత్రం డైపర్‌లోకి దిగదు. ఈ పదకొండింటి పని మీవారికి అప్పగించండి.

ఉప్పల్ నానమ్మ

పదకొండింటికి మార్చడానికి నేనూ ఒప్పుకుంటాను, నా ఆరాటమల్లా బిడ్డ అంతసేపు తడిలో ఉండకూడదనే. ఎవరు లేవాలన్న మాట కూడా ఆలోచించదగ్గదే. మా ఇంట్లో నేను లేస్తాను, కోడలిని లేపను. కానీ ఆ డైపర్లు చివరికి ఎక్కడికి పోతున్నాయో కూడా ఆలోచించండి. మా వీధికి వచ్చే చెత్త ఆటో అబ్బాయి తొడుగులు లేని చేతులతో వాటిని విడదీస్తుంటాడు. ఆ గుట్టంతా జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డుకు చేరుతుంది. తడి తెలియని డైపర్‌లో పెరిగిన పిల్ల ఎప్పటికి చెప్పడం నేర్చుకుంటుందన్నది ఇంకో దిగులు.

నిజాంపేట్ తల్లి

వాడిన డైపర్లను కంపెనీ ఇచ్చిన సంచిలో గానీ కాగితంలో గానీ గట్టిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. మలం ఉంటే మరుగుదొడ్లో దులిపి, డైపర్ ముడిచి, పాత దినపత్రికలో చుట్టి, విడిగా చేతికివ్వండి. తడి చెత్తలో కలపవద్దు. ఆ అబ్బాయి చేతులకు మనం చేయగలిగిన కనీస సాయం అది.

మెహదీపట్నం నర్సు

నానమ్మగారూ, పగలు నేర్చుకోవడం విషయంలో మీరు చెప్పింది సగం నిజం. తడి తెలిస్తే పగలు త్వరగా చెబుతారు, కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడు కాసేపు డైపర్ విప్పి నూలు చెడ్డీ వేయండి. రాత్రి సంగతి వేరు. నిద్రలో మూత్రం తక్కువగా తయారయ్యేలా చూసే హార్మోను ఒకటి ఉంటుంది. అది పని అందుకోవడం, మూత్రాశయం నిండితే మెలకువ రావడం వయసుతో వస్తాయి, నేర్పితే రావు. అయిదేళ్ల లోపు పక్క తడపడాన్ని జబ్బుగా లెక్కించరు. మియాపూర్ అమ్మా, పరుపు మీద నీరు దిగని షీటు, దుప్పటి, మళ్లీ షీటు, మళ్లీ దుప్పటి వేసి పెట్టుకోండి. నాలుగింటికి కారినా పైరెండూ లాగేస్తే సరిపోతుంది. చొక్కా ఒక్కటి మార్చండి.