నాలుగు వేళ్ల పెన్సిల్ పట్టు: మార్పించాలా, వదిలేయాలా?

పలకాబలపం:
పాపకి ఐదున్నరేళ్లు, కుడిచేతి వాటం. చూపుడువేలు, నడిమివేలు రెండూ పెన్సిల్ మీదే ఉంటాయి, ఉంగరపు వేలు కింద ఆనుతుంది. బొటనవేలు ఎదురుగా నిలబడకుండా అడ్డంగా పడి చూపుడువేలిని కప్పేస్తుంది. రాసింది బాగానే చదవగలం. అర పేజీ దాటాక మాత్రం చెయ్యి విదిలించుకుంటుంది. ఒక టీచరు గారు "ఇప్పుడే మార్పించండి, తర్వాత కుదరదు" అంటున్నారు. ఇంకొకరు "పట్టు ఏదైతేనేం, రాత బావుంది కదా" అంటున్నారు. తెలిసినవాళ్లు కారణాలతో సహా చెప్పండి.

వేలికణుపు:
మార్చనక్కర్లేదండీ. అయితే చెయ్యి విదిలించుకోవడాన్ని పట్టించుకోవద్దని కాదు. అది వేరే సంగతి.

బాగా రాసేవాళ్లలో మామూలుగా కనిపించే పట్లు నాలుగు. మూడు వేళ్లదీ, నాలుగు వేళ్లదీ. వీటిలో మళ్లీ బొటనవేలి కొస ఎదురుగా ఆనేది ఒక రకం, పెన్సిల్ మీదుగా అడ్డం పడేది ఇంకో రకం. మీ పాపది నాలుగు వేళ్ల అడ్డం పట్టు. 2012లో అచ్చయిన ఒక పరిశోధనలో నాలుగో తరగతి పిల్లలు 120 మంది చేత పది నిమిషాలు చూసి రాయించి, దానికి ముందూ తర్వాతా వేగం, స్పష్టత కొలిచారు. ఈ నాలుగు పట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

అర పేజీకే చెయ్యి నొస్తోందంటే ముందు చూడాల్సింది వేళ్లని కాదు, కుర్చీని. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. అందకపోతే కింద గట్టి పీట వెయ్యండి. భుజాలు వదులుగా ఉంచి మోచెయ్యి మడిస్తే, బల్ల ఆ మోచేతి ఎత్తులోనో రెండు వేళ్ల మందం పైనో ఉండాలి. పెద్దవాళ్ల డైనింగ్ బల్ల దగ్గర కూర్చోబెడితే భుజం చెవి దాకా లేస్తుంది, ఆ బిగువంతా వేళ్లలోకి దిగుతుంది. ఇంకొకటి, రాసిన పేజీ తిప్పి వెనక వేలితో తడమండి. గీతలు ఉబ్బెత్తుగా తగిలాయంటే పిల్ల మరీ నొక్కి రాస్తోందన్నమాట. హెచ్‌బీ తీసేసి 2బీ ఇస్తే మెత్తటి ములుకు కాబట్టి తక్కువ నొక్కుడుకే నల్లగా పడుతుంది.

గుండ్రటిరాత:
కుర్చీ సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

ఆ పరిశోధనలో ఉన్నది తొమ్మిది పదేళ్ల పిల్లలు. ఏళ్ల తరబడి తమ పట్టుకి అలవాటుపడ్డ చేతులవి. పది నిమిషాల రాత వేరు, మూడు గంటల పరీక్ష వేరు. దాన్ని తెచ్చి ఐదున్నరేళ్ల పిల్లకి అతికిస్తే ఎలాగండీ?

వేళ్లు మూడా నాలుగా అన్నది నాకూ పట్టింపు లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు గుండ్రంగా తెరుచుకుని ఉందా లేదా అన్నదే చూస్తాను. బొటనవేలు చూపుడువేలి మీద పడిందంటే ఆ సందు మూసుకుంటుంది, వేళ్లు ముడుచుకుని చాచుకునే చోటు ఉండదు. ఇక పెన్సిల్‌ని నడిపేది మణికట్టు, అదీ చాలకపోతే మోచెయ్యి. నిలువు గీతలూ అడ్డ గీతలూ ఎలాగోలా పడతాయి. తెలుగు అక్షరం ఆసాంతం వంపులే కాబట్టి ఇక్కడ బయటపడుతుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. చిటికెన వేలి వైపు చేతి అంచు కాగితానికి ఆనించి, చెయ్యి జరపకుండా, సెంటీమీటరు లోపు సున్నాలు వరసగా ఐదు చుట్టమనండి. మీరు కణుపులనే చూడండి. అవి కొద్దికొద్దిగా మడుచుకుని విచ్చుకుంటుంటే నాలుగు వేళ్లయినా సరే, వదిలేయండి. కణుపులు బిగుసుకుపోయి మణికట్టు ఊగుతుంటే, లేదా సున్నా పైన వంపు కోణంలా విరుగుతుంటే, ఆరేళ్లు నిండేలోపే మార్పించాలి. మొక్కై వంగనిది మానై వంగదు.

వేలికణుపు:
సున్నాల పరీక్ష మంచిదే, కాదనను. కానీ బొటనవేలు ఎందుకు అడ్డం పడుతోందో తెలుసుకోకుండా దాన్ని లేపితే పని చెడుతుంది.

చాలామంది పిల్లల్లో కారణం కీళ్ల వదులు. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నాలా పట్టుకోమని, మీ వేలు అందులో దూర్చి మెల్లగా లాగండి. గుండ్రంగా నిలబడితే సరే. వేలి చివరి కణుపు వెనక్కి వంగి సున్నా కాస్తా చపటైపోతే, ఆ పిల్లకి అడ్డం బొటనవేలు ఒక ఆసరా. పెన్సిల్ జారకుండా బిగించుకోవడానికి చెయ్యి తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయమది. ఆసరా లాగేసి "సరిగ్గా పట్టుకో" అంటే ఇంకా గట్టిగా నొక్కుతుంది, చూపుడువేలి కొస తెల్లబడుతుంది, నొప్పి రెట్టింపవుతుంది.

అలాంటప్పుడు ముందు బలం, తర్వాత పట్టు. మట్టి ముద్దలోంచి చిటికెడు తీసి మూడు వేలికొసలతోనే గోళీలా చుట్టించండి, అరచెయ్యి తగలకూడదు. బట్టల క్లిప్పులు బొటనవేలు, చూపుడువేలు కొసలతో తెరిపించండి. అన్నిటికంటే పనికొచ్చేది పూసల ఆట. అరచేతిలో పూసలు పెట్టుకుని, రెండో చెయ్యి సాయం లేకుండా, ఒక్కొక్కటే వేలికొసకి తెచ్చి సీసాలో వెయ్యడం. ఐదు పూసలతో మొదలెడితే అన్నీ జారి కిందపడతాయి, పిల్ల విసుగుపడి మానేస్తుంది. రెండుతో మొదలుపెట్టండి. ఈ ఆటలో ఉంగరపు వేలు, చిటికెన వేలు మడిచి దాచుకోవడం, మిగతా మూడూ పనిచెయ్యడం వస్తుంది. పెన్సిల్‌కి కావలసింది సరిగ్గా ఇదే పనివిభజన.

కొత్తనోట్‌బుక్:
ఇంత తతంగం ఎందుకండీ, రబ్బరు గ్రిప్పర్ తొడిగితే పోదా?

గుండ్రటిరాత:
గ్రిప్పర్ వేళ్లు ఎక్కడుండాలో చూపిస్తుంది, ఉంచే బలం ఇవ్వదు. బొటనవేలు అడ్డం పడే పిల్లకి మామూలు మూడు పలకల గ్రిప్పర్ ఏమీ చెయ్యదు, బొటనవేలు దాని మీదుగా కూడా దాటిపోతుంది. మధ్యలో అడ్డు రెక్క ఉన్న రకం దాటనివ్వదు. అదైనా తీసేసిన మర్నాడే పాత పట్టు వచ్చే అవకాశం ఎక్కువ. ఎడమచేతి వాటం పిల్లలకైతే తలకిందులుగా తొడిగేవాళ్లే ఎక్కువ, గ్రిప్పర్ మీద కుడి ఎడమల గుర్తు చూసుకోండి.

దానికంటే పొట్టి పెన్సిల్ నయం. నాలుగైదు సెంటీమీటర్ల ముక్క, లేదా విరిగిన క్రేయాన్. నాలుగో వేలు పెట్టుకోవడానికి అందులో చోటే ఉండదు. పారేసే ముక్కలే పనికొస్తాయన్నమాట! దాన్ని కూడా బల్ల మీద కాకుండా, గోడకి అంటించిన కాగితం మీద కంటి ఎత్తులో వాడించండి. మణికట్టు దానంతట అదే వెనక్కి వాలుతుంది, అలా వాలితేనే వేలికొసలు తేలిగ్గా కలుస్తాయి. బల్ల మీద మణికట్టు లోపలికి ముడిచి రాసే పిల్లలకి ఇది బాగా తేడా చూపిస్తుంది.

ఆటలముందు:
అసలు ఏడేళ్ల దాకా పెన్సిలే ఇవ్వకూడదు. ఎక్స్‌రే తీస్తే చిన్నపిల్లల మణికట్టులో ఎముకలే ఉండవు, ఖాళీలే కనిపిస్తాయి.

వేలికణుపు:
ఆ ఎక్స్‌రే బొమ్మ అందరూ పంచుకుంటున్నారు కానీ చదవడంలో తేడా ఉందండీ. అక్కడ ఉన్నది ఖాళీ కాదు, మృదులాస్థి. అది ఎక్స్‌రేలో కనబడదు, అంతే. మణికట్టు ఎముకల్లో చివరిది గట్టిపడేసరికి ఎనిమిదేళ్లు దాటుతుంది, కొందరికి పన్నెండు. ఎముక లెక్కన పోతే మూడో తరగతి దాకా ఎవరూ రాయకూడదు మరి. మూడేళ్ల పిల్ల చేత పేజీల కొద్దీ అక్షరాలు దిద్దించొద్దంటే మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఆ వయసులో పిడికిలితో పట్టుకోవడం, లేదా వేళ్లన్నీ కిందికి చూసేలా పైనుంచి పట్టుకోవడం సహజం. మూడున్నర నాలుగేళ్లకి వేలికొసల పట్టు వస్తుంది, అప్పటికింకా చెయ్యంతా కదులుతుంది. వేళ్లే కదపడం నాలుగున్నర నుంచి ఆరేళ్ల మధ్య కుదురుతుంది. పలకాబలపం గారి పాప ఇంకా ఆ గడువులోనే ఉంది.

పలకాబలపం:
సున్నాల పరీక్ష చేశాం. మణికట్టు ఊగుతోంది, కణుపులు కదలట్లేదు. చివరి కణుపు వెనక్కి వంగట్లేదు. మార్పించడం ఎలా మొదలుపెట్టాలి?

గుండ్రటిరాత:
అయితే కీళ్ల అడ్డంకి లేదు, మొదలుపెట్టొచ్చు. అక్షరాలతో మాత్రం మొదలుపెట్టకండి. అక్షరం గుర్తు తెచ్చుకోవడం, గీతలో ఇమడ్చడం, పట్టు కాపాడుకోవడం, మూడూ ఒకేసారి పిల్ల చెయ్యలేదు. మొదట వదిలేసేది పట్టునే. రంగులు నింపడం, చుక్కలు కలపడం, చిన్న వలయాలు చాలు. రోజూ ఐదు నిమిషాలు.

పెన్సిల్ బల్ల మీద పెట్టండి, ములుకు పిల్ల వైపు చూడాలి. ములుకుకి రెండు మూడు సెంటీమీటర్ల పైన, రంగు మొదలయ్యే చోట, బొటనవేలు, చూపుడువేలు కొసలతో చిటికెడుగా పట్టి లేపమనండి. రెండో చేత్తో పెన్సిల్ వెనక కొసని తోస్తే అది పల్టీ కొట్టి చేతి సందులో వాలుతుంది. నడిమివేలు పక్క భాగం కింద ఆనిస్తే అయిపోయింది. ఉంగరపు వేలు పైకి పాకకుండా, చిన్న దూది ఉండ ఇచ్చి చివరి రెండు వేళ్లతో దాచిపెట్టుకోమనండి. దూది పడిందంటే వేలు లేచిందని పిల్లకే తెలుస్తుంది, మీరు నోరు విప్పక్కర్లేదు. ఉండ పెద్దదైతే పిడికిలి బిగుసుకుంటుంది, బఠాణీ గింజంత చాలు.

కాగితం నిటారుగా పెట్టకండి. కుడిచేతి వాటానికి పేజీ పైభాగం ఎడమకి 20 నుంచి 30 డిగ్రీలు వాలాలి. ఎడమచేతి పిల్లలకి కుడివైపు, ఇంకొంచెం ఎక్కువగా. వాళ్లు ములుకుకి మూడు నాలుగు సెంటీమీటర్ల ఎగువన పట్టుకోవాలి, లేకపోతే రాసింది కనబడక మణికట్టు కొక్కెంలా వంచుతారు.

పలకాబలపం:
ఇంట్లో కొత్త పట్టు, బడిలో పాత పట్టు అయితే గందరగోళపడదా?

గుండ్రటిరాత:
మొదటి రెండు మూడు వారాలు అలాగే ఉంటుంది. కొత్త పట్టుతో రాత కాస్త వంకరపోతుంది, వేగం తగ్గుతుంది. బడిలో టీచరు గారికి ముందే చెప్పి, ఆ రోజుల్లో దస్తూరికి మార్కులు పెట్టొద్దనండి. హోంవర్కు మధ్యలో పిల్ల వేళ్లు మీరు సర్దకండి, పని మొదలెట్టే ముందు ఒక్కసారి చాలు. వాక్యం వాక్యానికీ ఆపి వేళ్లు సర్దితే రాతంటేనే చిరాకు పుడుతుంది.

వేలికణుపు:
ఇక్కడ నా షరతు ఒకటి. ఎనిమిది వారాలు చూడండి. కణుపులు కదలడం మొదలై, చెయ్యి విదిలించుకోవడం తగ్గితే, బొటనవేలు అప్పుడప్పుడు అడ్డం పడినా పట్టించుకోవద్దు. గుండ్రటిరాత గారు ఇంకా దిద్దమంటారేమో, నేను మాత్రం ఆపమంటాను. అసలు మార్పే లేకపోతే, లేదా బొత్తాలు పెట్టుకోవడం, కత్తెర పట్టడం కూడా కష్టంగా ఉంటే, చెయ్యి వణుకుతుంటే, ఇంట్లో తంటాలు పడకుండా ఆక్యుపేషనల్ థెరపిస్టుకి (రాత, బొత్తాలు లాంటి రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే నిపుణులు) చూపించండి.

గుండ్రటిరాత:
ఎనిమిది వారాలకి ఆపమంటే ఒప్పుకోను. సందు తెరుచుకునే దాకా రోజుకి ఆ ఐదు నిమిషాలు సాగాల్సిందే. థెరపిస్టు మాట మాత్రం నాదీ అదే.