ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి తొమ్మిది మందిమి వెళ్తున్నాం, 9 రోజుల ప్లాన్ సరిపోతుందా?

ప్రశ్న: అంబాజీపేట కుర్రాడు

మాది అంబాజీపేట దగ్గర చిన్న ఊరండి. మా యువజన సంఘం వాళ్ళం తొమ్మిది మందిమి, రెండేళ్ళుగా చీటీ కట్టుకుని డబ్బులు కూడబెట్టుకుని, ఈ అక్టోబరులో కోతలు మొదలవకముందే నేపాల్ వెళ్ళి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ చేసి వద్దామనుకుంటున్నాం. మాలో ఎవరూ మంచు చూసినవాళ్ళు కాదు, కానీ నాలుగు నెలలుగా తెల్లవారుజామున ఏటిగట్టు మీద రోజూ పది కిలోమీటర్లు నడుస్తున్నాం, అందరం గట్టిగానే ఉన్నాం.

ఏజెంట్ లుక్లా (విమానం దిగి నడక మొదలుపెట్టే ఊరు) నుంచి లుక్లాకి 9 రోజుల ప్లాన్ ఇచ్చాడు. నామ్చే బజార్‌లో ఒక రాత్రి, డింగ్‌బోచేలో ఒక రాత్రి, మధ్యలో విశ్రాంతి రోజులేమీ లేవు. ఇద్దరికి సెలవులు దొరకవు కాబట్టి మాకు ఇదే బాగుందనిపించింది. మా తమ్ముడికి 19 ఏళ్ళు, వాడూ వస్తున్నాడు, అమ్మకి ఒకటే టెన్షన్. అందరం కలిసి వెళ్ళి అందరం కలిసి తిరిగి రావాలని సంఘంలో ఒట్టు పెట్టుకున్నాం. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: భీమవరం నుంచి

తమ్ముడూ, ఆ ప్లాన్ ఒప్పుకోకండి. మేము రెండేళ్ళ క్రితం ఆరుగురం దాదాపు ఇలాంటి ప్లాన్‌తోనే వెళ్ళాం, మా ఏజెంటూ ఇలాగే చెప్పాడు. మాలో అందరికంటే బలమైనవాడికి, రోజూ వ్యాయామం చేసేవాడికి, డింగ్‌బోచేలోనే తలనొప్పి మొదలైంది. వాడు ఎవరికీ చెప్పలేదు. చెబితే తన వల్ల అందరూ వెనక్కి తిరగాల్సి వస్తుందని, అందరి డబ్బులూ పోతాయని భయపడ్డాడు. మర్నాడు 4,940 మీటర్ల ఎత్తున లొబుచేలో రాత్రి భోజనానికి లేచి నడుస్తుంటే కాళ్ళు తడబడుతున్నాయి, అడిగినదానికి సంబంధం లేకుండా మాట్లాడుతున్నాడు. గైడ్ చూసి ఒక్క నిమిషం ఆగలేదు. నేనూ గైడూ ఇంకో పోర్టరూ హెడ్‌లైట్లు పెట్టుకుని ఆ చీకట్లోనే వాణ్ణి పట్టుకుని ఫెరిచే దాకా దించాం. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్ ఉంది, ట్రెక్కింగ్ సీజన్లలో డాక్టర్లు ఉంటారు. 570 మీటర్లు దిగాం, ఆక్సిజన్ పెట్టారు, తెల్లారేసరికి వాడు మనిషయ్యాడు. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అందుకే అడుగుతున్నాను, ఆ ఒట్టు తీసేయండి. మంచి మనసుతోనే పెట్టుకున్నారు, కానీ కొండమీద అదే ఒకడి నోరు నొక్కేస్తుంది. ఎవరికి బాగోకపోతే ఎవరు తోడు దిగాలో ఊళ్ళో ఉండగానే జంటలుగా అనుకోండి, దిగినవాడి వంతు ఖర్చు సంఘం భరిస్తుందని కూడా ముందే చెప్పేయండి. అప్పుడే దాచకుండా చెబుతారు.

జవాబు: కాకినాడ డాక్టర్

భీమవరం ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే, కానీ పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, 5,364 మీటర్ల బేస్ క్యాంప్ దగ్గర మన కోనసీమలో దొరికే ఆక్సిజన్‌లో సుమారు సగమే దొరుకుతుంది. దానికి ఒళ్ళు అలవాటు పడటానికి రోజులు పడుతుంది, కండబలంతో దానికి పనిలేదు. సముద్రమట్టం దగ్గర పుట్టి పెరిగిన మనకి కొంచెం ఎక్కువ జాగ్రత్త అవసరం. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో రెండో రాత్రి ఉండాలి. అందుకే నామ్చేలో (3,440), డింగ్‌బోచేలో (4,410) రెండేసి రాత్రులు ఉంటారు. ఆ రెండో రోజు పడుకోకుండా పక్క కొండ కాస్త ఎక్కి, కిందికి దిగి నిద్రపోతారు.

ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడటానికి తోడ్పడే డయామాక్స్ మాత్ర గురించి మీ డాక్టర్‌ని కలిసి అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళు తప్పకుండా ఆ సంగతి చెప్పాలి. అది వేసుకున్నాం కదా అని వేగంగా ఎక్కకూడదు. రోజూ సాయంత్రం అందరూ ఒకరినొకరు చూసుకోండి: చేలో సన్నటి గట్టు మీద నడిచినట్టు మడమకి వేలు ఆనించి పది అడుగులు తిన్నగా వేయమనండి. తూలితే, లేదా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, అర్ధరాత్రయినా దించేయాలి, తెల్లారనిద్దాం అనుకోవద్దు. పైన మద్యం, నిద్రమాత్రలు ముట్టవద్దు.

జవాబు: రాజమండ్రి ట్రెక్కర్

ఏటిగట్టు మీద నడక మంచిదే కానీ చాలదండి, అది చదును. కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లు వారానికి రెండుసార్లు వీపున బరువుతో ఎక్కి దిగండి, దిగడమే ముఖ్యం, మోకాళ్ళు అక్కడే పోతాయి. మీ తొమ్మిది మందిలో పెద్దవాళ్ళందరూ పాస్‌పోర్టో ఓటరు కార్డో పెట్టుకోండి, విమానంలో వెళ్ళేటప్పుడు ఆధార్ పనికిరాదు. సీజన్లో లుక్లా విమానాలు ఖాట్మండు నుంచి కాకుండా నాలుగైదు గంటల దూరంలో మంథలి నుంచి ఎక్కువగా ఎగురుతాయి, మబ్బు పడితే ఆగిపోతాయి, కాబట్టి చివర్లో రెండు రోజులు ఖాళీగా ఉంచండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్‌కీ హెలికాప్టర్‌కీ వర్తిస్తుందో లేదో కాగితంలో చదివి చూసుకోండి. తిండికి దాల్‌భాత్ మనకి బాగా నప్పుతుంది, అడిగితే మళ్ళీ వడ్డిస్తారు. నామ్చే దాటాక మాంసం వద్దు, అక్కడ జీవాల్ని కోయరు, కింద నుంచి రోజులతరబడి మోసుకొచ్చిందే వండుతారు. కందిపొడి, ఆవకాయ తీసుకెళ్ళండి, పైకి పోయేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు అవే నాలుగు ముద్దలు తినిపిస్తాయి.

మళ్ళీ ప్రశ్న అడిగినవాడు

అందరికీ చాలా థాంక్సండి. నిన్న రాత్రి గుడి అరుగు మీద కూర్చుని మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. భీమవరం అన్న రాసింది చదివాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. లుక్లా నుంచి లుక్లాకి 12 రోజులు, కింద రెండు రోజులు ఖాళీ అని ఏజెంట్‌కి చెప్పేశాం. సెలవు దొరకని ఇద్దరూ నామ్చే దాకా వచ్చి వెనక్కి తిరుగుతామన్నారు, అది ముందే అనుకున్నది కాబట్టి ఎవరికీ బాధ లేదు. ఒట్టు తీసేశాం. మిగిలిన ఏడుగురిలో రెండు జంటలు, ఒక ముగ్గురి జట్టు. తమ్ముడికి జతగా నేను కాకుండా మా బావని పెట్టాం, వాడు నా దగ్గర దాచినా బావ దగ్గర దాచడు. గట్టు నడక పరీక్ష రేపటి నుంచి చేలోనే మొదలుపెడుతున్నాం. ఆవకాయ సంగతి అమ్మకి చెప్పాను, అప్పుడే జాడీలు కడుగుతోంది.