పాత ఫిల్మ్ కెమెరాను వాడాలా, బీరువాలో దాచాలా? చిల్లుపడిన లైకా 3ఎఫ్ గురించి చర్చ

వెండిరేణువు:

మిత్రులకు నమస్కారం. నా దగ్గర 1950ల నాటి లైకా 3ఎఫ్ ఒకటి ఉంది. పదిహేనేళ్ళుగా కూడబెట్టిన పాత కెమెరాలలో తరచుగా చేతిలోకి తీసుకొనేది ఇదొక్కటే. గత నెలలో కడిగిన రీలును ఆరబెట్టి వెలుతురుకు పట్టి చూస్తే, చాలా నెగటివ్‌లలో కుడివైపు పై మూలన ఒకే చోట ఆవగింజంత నల్లచుక్క కనిపించింది. ప్రింటు వేస్తే అదే తెల్లచుక్క అవుతుంది. కెమెరాను ఎండలో ఎక్కువసేపు మెడలో వేలాడదీసుకొని తిరిగిన తరువాత తీసిన ఫొటోలలో ఆ చుక్క మరింత ముదురుగా ఉంది. అందుచేత లోపం ఫిల్మ్‌లో లేదనీ, ఫొటో తీసే క్షణం వరకు ఫిల్మ్ మీద వెలుతురు పడకుండా ఆపే షట్టర్ గుడ్డతెరకే చిల్లు పడిందనీ తేలిపోయింది. ఈ కెమెరాలో లెన్స్‌కూ తెరకూ మధ్య అద్దం ఉండదు కనుక, మూత పెట్టకుండా సూర్యుడివైపు తిప్పి ఉంచితే భూతద్దం కింద కాగితం కాలినట్లు తెర కాలుతుంది. ఆ పొరపాటు నాదో, నాకంటే ముందు దీనిని వాడినవారిదో చెప్పలేను.

నా ప్రశ్న ఇది. తెరలను కొత్త గుడ్డతో మార్పించి ఫొటోలు తీస్తూ ఉండాలా, లేక ఉన్నది ఉన్నట్లుగా బీరువాలో పెట్టి దీనికి విశ్రాంతినివ్వాలా? సేకరించేవారి ధర్మం ఏమిటన్న విషయంలో ఇక్కడ రెండు పక్షాలు ఉన్నాయని తెలుసు. రెండింటి వాదనా వినాలని ఉంది.

బీరువాకాపరి:

నా పక్షం దాచిపెట్టడమే. డెబ్బయ్యేళ్ళ కిందట కర్మాగారంలో బిగించిన తెర, ఆనాటి మరలు, ఆనాటి నల్లని వల్కనైట్ (గట్టిపరచిన రబ్బరు) తొడుగు ఇంకా దాని ఒంటిమీద ఉన్నాయి. తెర మార్చాలంటే దానిని పూర్తిగా విప్పాలి. ఆ పనిలో పెళుసుబారిన వల్కనైట్ పెచ్చులుగా రాలిపోవడం మీరు చూసే ఉంటారు. తిరిగి బిగించిన తరువాత అది చక్కగా పనిచేయవచ్చు, కాని ఆ కాలపు పనితనానికి సాక్ష్యంగా దానికున్న విలువ కొంత పోతుంది, పోయినది తిరిగి రాదు.

పైగా దీనిలో రీలు వేయడమే ఒక పరీక్ష. వెనుక తలుపు ఉండదు కనుక అడుగు మూత తీసి ఫిల్మ్‌ను కింది నుంచి దూర్చాలి. అది సాఫీగా దిగాలంటే ఫిల్మ్ కొసను 10 సెంటీమీటర్ల మేర కత్తెరతో సన్నగా కోసుకోవాలి. ఆ కోత ఫిల్మ్ అంచునున్న రంధ్రం మీదుగా పోయిందంటే చిన్న తునక తెగి లోపల పడుతుంది, అది చేరకూడని చోట చేరితే యంత్రం పట్టేస్తుంది. ఏటా ఇరవై రీళ్ళు వేసేవారు ఈ ప్రమాదాన్ని ఇరవైసార్లు పిలిచి తెచ్చుకుంటున్నట్లే. ఫొటోలు తీయాలన్న కోరిక ఉంటే పెంటాక్స్ కె1000 ఉన్నది. 1976 నుంచి 1997 వరకు తయారైన ఆ కెమెరాలు లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి, ఒకటి పాడైతే మరొకటి దొరుకుతుంది. 3ఎఫ్‌లు మాత్రం ఇక పుట్టవు.

మరమ్మతుబల్ల:

కదిలించని యంత్రం మారకుండా ఉంటుందన్న ఊహ మీద బీరువాకాపరి గారి వాదన నిలబడి ఉంది. నా బల్ల మీదికి వచ్చే కెమెరాలలో వాడి అరగదీసినవి తక్కువ, దశాబ్దాల తరబడి ఎవరూ ముట్టుకోక పాడైనవే ఎక్కువ. లెన్స్‌లోని గ్రీజు నుంచి నూనె విడిపోయి వెలుతురును తగ్గించి పెంచే ఎపర్చర్ రేకుల మీదికి పాకుతుంది, మిగిలిన పిప్పి గట్టిపడి ఫోకస్ వలయం బిగుసుకుపోతుంది. 1960లు, 70ల నాటి జపాన్ ఎస్ఎల్ఆర్‌లలో (లెన్స్ వెనుక అద్దం ఉండే కెమెరాలలో) వెనుక తలుపు అంచున అతికించిన నురుగుపట్టీ, వాడినా వాడకపోయినా, తారులా మారి వేలికి అంటుకుంటుంది. అపురూపంగా తోలు కేసులో పెట్టి దాచినవాటి సంగతి మరీ ఘోరం. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఆ తేమకు లెన్స్ మీద బూజు పడుతుంది, బూజు లెన్స్ మీది పూతను తినేసిన తరువాత ఎంత తుడిచినా మచ్చ పోదు. దాచాలనుకొనేవారు కేసు తీసివేసి, గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేటట్లు చూసుకోవాలి.

వెండిరేణువు గారు ఒక పని చేసి చూడండి. రీలు లేకుండా, పై చక్రాన్ని నెమ్మది వేగాల గుర్తు దగ్గర, ముందువైపు చిన్న చక్రాన్ని 1 దగ్గర ఉంచి మీట నొక్కండి. బాగున్న యంత్రమైతే జుయ్యిమంటూ ఒకే తీరుగా తిరిగి టక్కున ఆగుతుంది. గ్రీజు ముదిరినదైతే సగం దారిలో గొంతు తగ్గి, ఒక్కొక్కసారి తెర సగం తెరుచుకొని అక్కడే నిలిచిపోతుంది. అలా జరిగితే మళ్ళీమళ్ళీ నొక్కవద్దు. వారానికి ఒకసారి ఖాళీగా క్లిక్కుమనిపిస్తే యంత్రం ఆరోగ్యంగా ఉంటుందన్న నమ్మకం మన సేకర్తలలో గట్టిగా పాతుకుపోయింది కాని, ముదిరిన గ్రీజును క్లిక్కులు కరిగించలేవు, పొడిబారిన ఇరుసులను అరగదీస్తాయి. విప్పి, కడిగి, సూదిమొనతో తాకించినంత కొత్త నూనె వేయడమే దానికి మందు.

అన్ని కెమెరాలకూ ఇదే నియమమని నేను అనను. 1990లో వచ్చిన కాంటాక్స్ టీ2 వంటి ఎలక్ట్రానిక్ కెమెరాలో సర్క్యూట్ పోయిందంటే, చచ్చిన మరొక దానిలోంచి భాగాలు తీసి వేయడం తప్ప దారి దాదాపుగా ఉండదు. దాచినా అది ఎప్పుడో ఒకప్పుడు పోయేదే కనుక, పనిచేసినన్నాళ్ళు దానితో ఫొటోలు తీసుకోవడం మేలు. 3ఎఫ్‌లో బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు, ఉన్నవి స్ప్రింగులు, పళ్ళచక్రాలు, గుడ్డ. తెర అరిగేదేనని తయారుచేసినవారికీ తెలుసు, దానిని మార్చడం ఆ రోజుల నుంచీ మామూలు మరమ్మతే. చెప్పు అడుగు మార్పిస్తే చెప్పు నకిలీదైపోతుందా?

ముప్పైఆరోఫ్రేమ్:

ఒక్క మాట కలుపుతాను. 1923 నాటి లైకా జీరో శ్రేణిలో (అమ్మకానికి ముందు చేసిన నమూనాలలో) 105వ నంబరు కెమెరా 2022లో జర్మనీలోని వెట్జ్‌లర్‌లో జరిగిన వేలంలో 1.44 కోట్ల యూరోలు పలికింది. అది బీరువాలో మెరుస్తూ కూర్చున్నది కాదు, లైకాను రూపొందించిన ఆస్కార్ బార్నాక్ స్వయంగా వాడి ఫొటోలు తీసినది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆ కెమెరా చేతిలో నలిగిన కెమెరాయే.

బీరువాకాపరి:

ముప్పైఆరోఫ్రేమ్ గారు, ఆ కెమెరాను కొన్నవారు అందులో రీలు వేసి విహారయాత్రకు తీసుకుపోతారని మీరు నిజంగా అనుకుంటున్నారా? బార్నాక్ వాడిన గుర్తులు దాని మీద చెరగకుండా ఉన్నందుకే ఆ ధర. ఎవరైనా దానిని విప్పి కొత్త తెర వేసి, కొత్త రంగు పూసి ఉంటే ఆ ధర పలికేది కాదు. మీ ఉదాహరణ నా పక్షానికే పనికివస్తుంది.

మరమ్మతుబల్ల గారు గ్రీజు, బూజుల గురించి చెప్పినది ఒప్పుకొంటున్నాను. నా బీరువాలోని తోలు కేసులను నిన్న రాత్రే తీసి వేరే పెట్టెలో పెట్టాను. అయినా ఒక సందేహం మిగిలింది. ఈ కెమెరాలకు మేత, అంటే ఫిల్మ్, ఎన్నాళ్ళు దొరుకుతుంది? 1935లో వచ్చిన కొడాక్రోమ్ అనే కలర్ ఫిల్మ్ తయారీ 2009లో ఆగింది, దానిని కడిగే చివరి ల్యాబు 2010 చివరిలో ఆ పని మానేసింది. ఈనాడు యంత్రాన్ని బాగుచేయించి, రేపు ఫిల్మే లేకపోతే, విప్పినందుకు మిగిలేది నష్టమే కదా.

మరమ్మతుబల్ల:

కొడాక్రోమ్‌కు తనదైన ప్రత్యేక ప్రక్రియ ఉండేది, మామూలు ల్యాబులు దానిని కడగలేవు, అందుకే అది ఆ విధంగా ముగిసింది. నలుపు తెలుపు ఫిల్మ్‌ను ఎవరింట్లో వారు స్నానాలగదిలో కడుక్కోవచ్చు. 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ అనే కలర్ ఫిల్మ్‌ను అదే కొడాక్ 2018లో తిరిగి తెచ్చింది. 2024లో రికో సంస్థ పెంటాక్స్ 17 అనే సరికొత్త ఫిల్మ్ కెమెరానే విడుదల చేసింది. కొనేవారు ఉన్నారు కనుకనే ఇవి జరిగాయి.

నా భయం ఫిల్మ్ గురించి కాదు, చేతుల గురించి. తెర కత్తిరించి, సరైన కొలతకు అతికించి, స్ప్రింగు బిగువును వేగానికి తగినట్లు సరిచేయడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. వాడేవారు కెమెరాలు తెచ్చి ఇస్తూ ఉంటేనే ఆ పని నేర్చుకొనేవారు ఉంటారు. అందరూ బీరువాకు తాళం వేసుకొంటే, ఇరవయ్యేళ్ళ తరువాత మీ 3ఎఫ్‌ను ఎవరిచేతనైనా కనీసం శుభ్రం చేయించాలనుకున్నా మనిషి దొరకడు.

వెండిరేణువు:

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. మరమ్మతుబల్ల గారు చెప్పినట్లే 1 సెకను వేగంలో పెట్టి మీట నొక్కి చూశాను. సగం వరకు జుయ్యిమని, ఆ పైన మూలిగి ఆగిపోయింది. రెండోసారి నొక్కలేదు. అంటే తెర మార్చినా మార్చకపోయినా దీనిని ఎలాగూ విప్పవలసిందే.

కనుక తెర మార్పిస్తాను. ఇకమీదట ఏడాదికి నాలుగైదు రీళ్ళకు మించి వేయను, లెన్స్‌కు మూత లేకుండా ఎండలోకి తీసుకువెళ్ళను. బీరువాకాపరి గారి మాటను కూడా పక్కన పెట్టడం లేదు. విప్పే ముందు ప్రతి వైపు నుంచీ ఫొటోలు తీయించి, తీసివేసిన పాత తెరలను పారేయకుండా కవరులో పెట్టి, తేదీ, ఏ భాగం మార్చారో రాసి కెమెరాతో పాటు ఉంచుతాను. నా తరువాత దీనిని చేతికి తీసుకొనేవారికి అసలుదేదో, కొత్తదేదో తెలియాలి.

బీరువాకాపరి:

తెరల ముక్కలు దాస్తానన్నారు, సంతోషం. మరి వల్కనైట్ పెచ్చులు ఊడితే ఏం చేయిస్తారు? మొత్తం గీకేసి కొత్త తొడుగు అతికించేందుకు మాత్రం ఒప్పుకోకండి. ఊడినంతమేర మైనం నింపితే చాలు, అదైతే కావలసినప్పుడు తిరిగి తీసివేయవచ్చు.